భద్రాచలంలో పునాది సొమ్ము

భద్రాచలం రోడ్డు అనే రైల్వే స్టేషను భద్రాచలంలో లేదు, కొత్తగూడెంలో ఉన్నది. ఆ పేరు చూసి దిగిన యాత్రికులు మరో నలభై కిలోమీటర్లు బస్సులోనో ఆటోలోనో పోవలసిందే. మేము ఆ చిక్కు లేకుండా ఖమ్మం నుండే ఆర్టీసీ బస్సు ఎక్కాము. మాతో మా మదర్సాలో పైతరగతి చదువుతున్న ఇద్దరు విద్యార్థులు ఉన్నారు. సింగరేణి బొగ్గు లారీలు, పాల్వంచ విద్యుత్ కేంద్రపు పొగగొట్టాలు, ఆ తరువాత అడవి, సారపాక కాగితపు మిల్లు, చివరకు గోదావరి వంతెన. పాత వంతెన 1965 నాటిది. అంతకు ముందు ఈ ఊరికి నది దాటి రావాలంటే పడవే గతి.

మేము వెళ్ళిన పని చెప్పాలి. మా ఊరిలో జకాత్ లెక్క కట్టుకునే సోదరులు కొందరు మమ్మల్ని ఒక మాట అడిగారు. ఏటా రమజానులో చీరలు, బియ్యం, సేమ్యాలు పంచుతున్నాము. మరుసటి ఏడు అవే చేతులు, అవే సంచులు. ఈ సొమ్ముతో ఒక్క ఇల్లయినా నిలబెట్టలేమా, ధర్మశాస్త్రం అందుకు ఒప్పుకుంటుందా అని వారి ప్రశ్న. భద్రాచలంలో వరదకు ఇళ్ళు పోగొట్టుకునే కుటుంబాలు ఉన్నాయి గనుక అక్కడ చూసి వచ్చి చెప్పమన్నారు. పుస్తకాలు తిరగవేసి ఇంట్లో కూర్చునే జవాబు రాయవచ్చును. కానీ ఇల్లు అనేది కంటితో చూసి మాట్లాడవలసిన విషయమని మాకు తోచింది.

భద్రాచలం పేరు వినగానే తెలుగు ముస్లిం ఇళ్ళలో కూడా పెద్దలు తానీషాను తలుస్తారు. పాల్వంచ పరగణా తహశీల్దారు కంచర్ల గోపన్న, గోల్కొండ సుల్తాను అబుల్ హసన్ తానీషా, వారి మధ్య నడిచిన కథ అందరికీ తెలిసినదే. కల్యాణానికి పాలకులు ముత్యాల తలంబ్రాలు పంపే ఆచారం ఆ కాలం నుండే వచ్చిందని ఇక్కడి వారి నమ్మకం. ఆ కథను ఇక్కడ విస్తరించము. ఈ ఊరిలో అజాను, గుడిగంట ఒకే గాలిలో వినిపించడం మాత్రం మా విద్యార్థులకు కొత్తగా అనిపించినట్లున్నది, మాకు అనిపించలేదు.

ఈ ఊరి అసలు లెక్క అడుగులలో ఉంటుంది. గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. చిన్నపిల్లవాడిని అడిగినా ఈ మూడు అంకెలు తడుముకోకుండా చెబుతాడు. 1986 ఆగస్టులో నది 75.6 అడుగులకు లేచింది. నేటికీ అదే ఎక్కువ. 1990లో 70.8. 2022 జూలైలో 71.3. ఊరిని కాపాడడానికి కట్టిన కరకట్ట ఉన్నది. అయితే నది కట్ట వెలుపల ఎత్తుగా ఉన్నప్పుడు లోపలి మురుగు, వాననీరు బయటకు పోలేవు. తూములు మూసి మోటార్లతో తోడాలి. తోడడం ఆలస్యమైతే కట్ట తెగకుండానే కట్ట లోపలి పల్లపు కాలనీలు మునుగుతాయి. నదిని ఆపే గోడే వాననీటినీ ఆపుతుందన్న మాట.

కట్టకు ఆనుకుని ఉన్న ఒక వీధిలో ఒక సోదరి తన ఇంటి గోడ చూపింది. అద్దె ఇల్లు, పైన సిమెంటు రేకులు. ఆమె భర్త ఆటో నడుపుతాడు. గోడమీద నీళ్ళు నిలిచిన గీత ఆమె భుజం ఎత్తున ఉన్నది. సున్నం వేసినా ఆ గీత మళ్ళీ పైకి వస్తుందట. "వరద వస్తుందంటే మొదట పిల్లల పుస్తకాలు, రేషను కార్డు, ఖురాను గ్రంథం అటకమీద నుండి తీసి సంచిలో పెట్టుకుంటాము హజ్రత్. కాలేజీలో పెట్టిన శిబిరానికి పోతాము. తిరిగి వచ్చాక బురద ఎత్తడానికి వారం పడుతుంది. అద్దె మాత్రం ఆ నెలకూ ఇవ్వాలి" అన్నది. ఇంత చెప్పి ఆమె చాయ్ పెట్టడానికి లేచింది. వద్దన్నా వినలేదు.

ఆమెకు ఇల్లు కట్టించి ఇవ్వాలంటే ఏం కావాలి? మొదట నేల కావాలి. ఇక్కడే భద్రాచలం మిగతా ఊళ్ళ వంటిది కాదని తెలుస్తుంది. ఇది షెడ్యూల్డు ప్రాంతం. మద్రాసు పాలనలో 1917లోనే ఏజెన్సీ భూములు గిరిజనుల చేతి నుండి ఇతరులకు పోకుండా చట్టం వచ్చింది. 1959లో కొత్త నిబంధన వచ్చింది. 1970లో దానిని సవరించారు. జనం నోట అదే 'వన్ ఆఫ్ సెవెంటీ'. దాని ప్రకారం ఈ ప్రాంతంలో గిరిజనేతరుడు మరొక గిరిజనేతరుడికి కూడా భూమి అమ్మరాదు. అమ్మితే గిరిజనులకే అమ్మాలి. కాబట్టి ఆ సోదరి కుటుంబం తరాలుగా ఇక్కడ ఉన్నా, చేతిలో డబ్బు ఉన్నా, వంద గజాలు తన పేరున రిజిస్ట్రీ చేయించుకోలేదు.

ఈ చట్టం గురించి మన వారిలో సణుగుడు వినిపిస్తుంది. మేము దానితో ఏకీభవించము. కోయల భూమి వడ్డీ వ్యాపారుల కాగితాల మీద ఎలా కరిగిపోయిందో తెలిసిన వారెవరూ ఆ చట్టాన్ని తప్పుపట్టరు. వడ్డీని హరాం అని నమ్మే మనం, వడ్డీ అప్పుల కింద పోయే నేలను కాపాడడానికి వచ్చిన చట్టాన్ని చూసి నొచ్చుకోవడం ఏమి న్యాయం?

రెండవ ఇరుకు 2014లో వచ్చింది. రాష్ట్ర విభజన సమయంలో పోలవరం ప్రాజెక్టు కోసం ముంపు మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. భద్రాచలం రెవెన్యూ గ్రామం తెలంగాణలో మిగిలింది. దానిని చుట్టుకుని ఉన్న ఎటపాక, గుండాల, పురుషోత్తపట్నం, కన్నాయిగూడెం, పిచ్చుకలపాడు అవతలి రాష్ట్రానికి పోయాయి. పట్టణం వీధి చివర రాష్ట్రం మారుతుంది. చెత్త పోయడానికే చోటు వెతుక్కునే ఊరు మెట్ట మీద ఇళ్ళ స్థలాలు ఎక్కడ తేగలదు? 2022 వరదల తరువాత అప్పటి ముఖ్యమంత్రి ఇక్కడికి వచ్చి, వెయ్యి కోట్ల రూపాయలతో రక్షణ పనులు, ఎత్తైన చోట శాశ్వత కాలనీ అని ప్రకటించారు. పల్లపు కాలనీల వారు ఆ మాటను నేటికీ తలచుకుంటూనే ఉన్నారు.

మరుసటి రోజు ఆ సోదరి మమ్మల్ని తన పొదుపు సంఘంలోని స్నేహితురాలి ఊరికి తీసుకుపోయింది. ఊరంటే అడవి అంచున ఉన్న కోయ గూడెం. ఆ స్నేహితురాలు పట్టణంలో అద్దెకు ఉండి కూలిపని చేసే రోజులలో ఇద్దరూ ఒకే వీధిలో ఉండేవారట, సంఘం అప్పటిది. వెదురు తడికల మీద మట్టి మెత్తిన గోడలు, పైన తాటాకు. వాకిలి అలికి ముగ్గు పెట్టి ఉన్నది. ఆమెకు నేల ఉన్నది. ఇందిరమ్మ ఇల్లు మంజూరైన కాగితమూ ఉన్నది. ఇల్లు మాత్రం లేదు. ఎందుకని అడిగాము.

ఆ పథకం 2024 మార్చి 11న ఈ భద్రాచలంలోనే మొదలైంది. కనీసం నాలుగు వందల చదరపు అడుగుల ఇల్లు, అయిదు లక్షల రూపాయల సాయం, ఇల్లాలి పేరుననే మంజూరు. మంచి పథకమే. కానీ డబ్బు పని అయిన కొద్దీ విడతలుగా వస్తుంది. బేస్‌మెంటు పూర్తి చేసి, అధికారి వచ్చి ఫోటో తీసుకుపోయిన తరువాతనే మొదటి లక్ష ఖాతాలో పడుతుంది. అంటే పునాది తవ్వి, రాయి పేర్చి, ఇసుక, కంకర, సిమెంటు తెచ్చి, మేస్త్రీకి కూలి ఇచ్చి, బేస్‌మెంటు లేపేవరకు ఆ ఇల్లాలే పెట్టుకోవాలి. కూలిపని చేసే ఇంట్లో లక్ష రూపాయలు ఎక్కడివి? మంజూరు కాగితాన్ని ఆమె ప్లాస్టిక్ కవరులో పెట్టి తడికకు చెక్కి ఉంచింది. అయిదు లక్షల సాయానికి, ఆమెకు మధ్య అడ్డుగా నిలిచినది ఆ మొదటి లక్ష ఒక్కటే. ఈ అడ్డు ప్రభుత్వానికీ తెలుసు. మహిళా సంఘాల నుండి లబ్ధిదారులకు లక్ష వరకు అప్పు ఇప్పించమని చెప్పింది. అయితే అది వడ్డీకి ఇచ్చే అప్పు.

ఈ చోట మేము భద్రాచలం విడిచి చాలా దూరం పోవాలి. పాఠకులు ఓపిక పట్టగలరు. ఈ పునాది చిక్కును మనకన్నా ముందే ఎదుర్కొన్న పేదరాండ్రు దక్షిణాఫ్రికాలో ఉన్నారు, వారికి దారి చూపిన వారు మన దేశపు పేదరాండ్రే.

బొంబాయిలో బైకులా పేవ్‌మెంట్ల మీద గుడిసెలు వేసుకున్న స్త్రీలు 1986లో మహిళా మిలన్ అనే పొదుపు సంఘంగా ఏర్పడ్డారు. వారిలో ముస్లిం స్త్రీలు ఎందరో. రోజూ ఇంటింటికి తిరిగి రూపాయి, రెండు రూపాయలు పోగుచేసేవారు. తమకు కావలసిన ఇల్లు ఎంత ఉండాలో చీరలు, గుడ్డలు కట్టి నిలువెత్తు నమూనా చేసి చూసుకున్నారు. వారికి తోడు నిలిచినవి 1984లో మొదలైన స్పార్క్ అనే సేవాసంస్థ, జోకిన్ అర్పుతం నడిపిన మురికివాడల సమాఖ్య. 1991లో అర్పుతం దక్షిణాఫ్రికా వెళ్ళి అక్కడి గుడిసెవాసుల సమావేశంలో మాట్లాడారు. వర్ణవివక్ష పాలన ఇంకా పోలేదు, పోబోతున్నది. కొత్త ప్రభుత్వం వస్తే ఇళ్ళు ఇస్తుందని అందరి ఆశ. మన వారు చెప్పినది వేరు: ప్రభుత్వం కోసం కాచుకుని కూర్చోకండి, ఇవాళే పొదుపు మొదలుపెట్టండి, మీ గుడిసెలను మీరే లెక్కించుకోండి. తరువాత బైకులా స్త్రీలు అక్కడికి, అక్కడి స్త్రీలు బొంబాయికి రాకపోకలు సాగించారు.

కేప్‌టౌన్ దగ్గర ఫిలిప్పీ అనే నల్లవారి వాడలో కొందరు స్త్రీలు ఇలాగే చిల్లర నాణేలతో మొదలుపెట్టారు. తమ సంఘానికి 1985లో హత్యకు గురైన న్యాయవాది విక్టోరియా మ్‌క్సెంగె పేరు పెట్టుకున్నారు. ఒక క్రైస్తవ సేవాసంస్థ చేతిలోని భూమి వారికి దక్కింది. ఇటుకలు తామే పోసుకుని, తామే మోసుకుని 148 ఇళ్ళు కట్టుకున్నారు. ప్రభుత్వం ఒక్కొక్క కుటుంబానికి ఇచ్చే సాయంతో గుత్తేదారులు అగ్గిపెట్టెల వంటి ఇళ్ళు కడుతుంటే, వీరు తమ చాకిరీ కలుపుకుని అంతకన్నా విశాలమైనవి నిలబెట్టారు. 1998లో అమెరికా అధ్యక్షుడు క్లింటన్ అంతటి వాడు వచ్చి చూసిపోయాడు.

అక్కడా చిక్కు ఇదే. ప్రభుత్వ సాయం మంజూరైనా చేతికి రావడం ఆలస్యం. అందుకని 1995లో ఉత్షాని అనే నిధి పెట్టుకున్నారు. జులూ భాషలో ఆ మాటకు గడ్డి అని అర్థం. గృహనిర్మాణ మంత్రి జో స్లోవో అందుకు కోటి రాండ్లు ఇస్తామన్నారు, విదేశీ దాతలూ కలిశారు. ఆ నిధి ముందుగా అప్పిచ్చి ఇల్లు కట్టిస్తుంది. ప్రభుత్వ సాయం రాగానే తిరిగి తీసుకుని మరొక ఇంటికి ఇస్తుంది. వందలు, వేల ఇళ్ళు అలా లేచాయి. అయితే ఇళ్ళు లేచిన తరువాత కూడా ప్రభుత్వం నుండి రావలసిన సొమ్ము ఏళ్ళ తరబడి రాలేదు. నిధి డబ్బంతా గోడలలో చిక్కుకుపోయి, వరుసలో ఉన్న వారికి ఇవ్వడానికి ఏమీ మిగలని స్థితి వచ్చింది. దాతల మంచితనం, స్త్రీల కష్టం రెండూ ఉండి కూడా ఆ తిరుగుడు ఆగితే నిధి ఎండిపోతుంది. ఈ కథలో మనం పట్టుకోవలసిన ముక్క అదేనని మేము అనుకుంటున్నాము.

తెలుగునాట పొదుపు కొత్త కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా మాన్పించిన స్త్రీలే తరువాత రోజుకు ఒక రూపాయి పొదుపు మొదలుపెట్టారు. నేడు సంఘం లేని ఊరు లేదు. అయితే సంఘంలో లోపలి అప్పులు నూటికి రూపాయి, రూపాయిన్నర, రెండు రూపాయల వడ్డీకి నడుస్తాయి. మన ఆడవారు సభ్యులుగా చేరి, ఆ వడ్డీలో వాటా తీసుకోవాలా వద్దా అని లోలోపల నలుగుతారు. కొందరు మానుకుని చీటీలకు పోతారు. చీటీలోనూ పాట పాడి తగ్గించుకుని ఎత్తుకునే పద్ధతిలో వడ్డీ వాసన ఉన్నది. అందరూ సమానంగా వేసి, లాటు తీసి, వంతుల వారీగా పూర్తి మొత్తం ఎత్తుకునే కమిటీలో ఆ దోషం లేదు. ఇది మా మదర్సా పక్కన పాలు అమ్మే ముసలామెకు కూడా తెలుసు. మనకు తెలియనట్లు ఉండడం వింత.

వడ్డీ లేని అప్పు, అంటే ఖర్జె హసన, మన గడ్డకు కొత్తది కాదు. పందొమ్మిదవ శతాబ్దపు చివరి నుండే హైదరాబాద్‌లో ఇలాంటి సంఘాలు పనిచేశాయని, అక్కడే పుట్టిన విద్వాంసుడు డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా రాశారు. ఉద్యోగులు జీతం నుండి కొంత వేసుకుని, అవసరమైన వారికి వడ్డీ లేకుండా ఇచ్చి, నెలనెలా తిరిగి తీసుకునేవారు. 1966లో హైదరాబాద్‌లోనే ఏర్పడిన తూర్ బైతుల్‌మాల్ నగలు కుదువ పెట్టుకుని వడ్డీ లేని అప్పులు ఇచ్చింది. తోవ తొక్కి ఉన్నదే, ఇళ్ళ వైపు తిప్పుకోవడమే మిగిలింది.

ఇక మా సోదరులు అడిగిన ప్రశ్నకు వద్దాము. జకాత్ సొమ్ముతో ఇల్లు కట్టవచ్చునా? మా హనఫీ మస్లక్‌లో జకాత్ చెల్లాలంటే తమ్లీక్ కావాలి. అంటే ఆ సొమ్మునో వస్తువునో అర్హుడైన పేదవాడికి పూర్తి యజమానిగా అప్పగించాలి. అందువల్ల ఉమ్మడి భవనాలకు, వంతెనలకు జకాత్ చెల్లదు. పేదవాడి సొంత ఇంటికి మాత్రం ఆటంకం లేదు. ఇటుకలు, ఇనుము, సిమెంటు కొని అతని చేతికి అప్పగిస్తే అవి అతనివి అవుతాయి. కానీ అద్దె ఇంట్లో ఉండే మన సోదరికి నేలే లేదు. ఎవరి పేరునో ఉన్న చోట ఆమె కోసం గోడ లేపితే యజమాని ఎవరు? రేపు ఖాళీ చేయమంటే ఆ జకాత్ ఎవరి ఇంట చేరినట్లు? కనుక ఆమెకు జకాత్‌ను చేతికే ఇవ్వాలి. వరద నెలలో అద్దె, బురద ఎత్తే వారంలో కూలి పోయిన భర్తకు తిండిఖర్చు, పిల్లల ఫీజు. ఇల్లు కట్టించామన్న పేరు కోసం ఆమెను చట్టానికి ఎదురు నిలబెట్టరాదు.

జకాత్ సొమ్మును అప్పుగా ఇవ్వవచ్చునా అన్నది రెండవ ప్రశ్న. మేము చదివిన గ్రంథాల ప్రకారం, తిరిగి తీసుకునే షరతుతో ఇచ్చినది జకాత్‌గా చెల్లదు. పునాది అప్పుకు వేరే మూట కావాలి: సదఖా సొమ్ము, లేదా కలిగిన వారు కొంతకాలానికి తీసి ఇచ్చే ఖర్జె హసన సొమ్ము. రెండు మూటలు కలపరాదు, రెండు ఖాతా పుస్తకాలు ఉండాలి. అయితే ఈ రెండింటికీ ఒక చోట చుట్టరికం ఉన్నది. తౌబా సూరా జకాత్‌కు అర్హులుగా చెప్పిన ఎనిమిది వర్గాలలో అప్పులలో మునిగిన వారూ ఉన్నారు. పునాది అప్పు తీసుకున్న ముస్లిం కుటుంబంలో ఇంటాయన మంచాన పడి తీర్చలేకపోతే, జకాత్ ఖాతా నుండి వారి చేతికి సొమ్ము ఇవ్వవచ్చును. దానితో వారు అప్పు తీర్చుకుంటారు. బాకీ కొట్టివేసి దానినే జకాత్‌గా లెక్క కట్టడం కుదరదు. చేతికి ఇవ్వాలి, చేతి నుండి తీసుకోవాలి. మా విద్యార్థులలో ఒకడు రెండూ ఒకటే కదా అన్నాడు. చేతికి వచ్చిన సొమ్ము ఆ మనిషిది, అతడు తీర్చినది అతని మాట. అది గ్రహించడానికి వాడికి ఇంకా రెండేళ్ళ చదువు ఉన్నది.

గూడెం నుండి తిరిగి వస్తూ మన సోదరి దారిలో అడిగింది: "హజ్రత్, ఆ అక్క మన మతం కాదు. మన వాళ్ళ సొమ్ము ఆమె పునాదికి అప్పుగా ఇవ్వవచ్చునా?" నిజానికి ఆ ప్రశ్న మేము వేసుకోవలసినది, తనకు నేల లేని మనిషి నేల ఉన్న స్నేహితురాలి కోసం అడిగింది. జకాత్ ముస్లింలలోని అర్హులకే అని ఉలమాలలో అత్యధికుల మాట. సదఖాకు, ఖర్జె హసనకు ఆ హద్దు లేదు, పొరుగువాడి హక్కుకు అసలే లేదు. ఇవ్వవచ్చు, ఇవ్వాలి అని చెప్పాము. ఆమె ఆ తరువాత వంతెన వచ్చేవరకు ఏమీ మాట్లాడలేదు.

లెక్క చూద్దాము. ఇరవై ఇళ్ళ వారు నెలకు అయిదు వందల చొప్పున వేసుకుంటే ఏడాదికి 1,20,000 రూపాయలు. అంటే ఒక బేస్‌మెంటు, చేతిలో కొద్దిగా చిల్లర. పొదుపు ఒక్కదానితో ఇరవైవ ఇంటికి పదహారు, పదిహేడు ఏళ్ళు పట్టేలా ఉన్నది. దాతలు అయిదు లక్షలు ఖర్జె హసనగా పెడితే ఒకేసారి అయిదు పునాదులు లేస్తాయి. మొదటి విడత ఖాతాలో పడగానే తిరిగి వస్తుంది, మరో అయిదు లేస్తాయి. విడత నాలుగు నెలలలో వస్తే ఏడాదికి మూడు దఫాలు, రాకపోతే ఒక్కటే. ఉత్షానికి పట్టిన గతి మనకు పట్టకుండా ఉండాలంటే ఉన్నదంతా ఒక్కసారి అప్పుగా పోయరాదు. నాలుగింట ఒక వంతు పక్కన ఉంచాలి. పొదుపు వేయని ఇంటికి అప్పు ఇవ్వరాదు. ఆరు నెలలైనా నాణెం నాణెం వేసిన చేయి అప్పు తీర్చడానికి వెనుకాడదని బైకులాలోనూ ఫిలిప్పీలోనూ తెలిసినదే. మరొక మాట. ఆ ఖాతా పుస్తకం మగవారి చేతిలో ఉండనక్కరలేదు. మస్జిదు కమిటీ వారు లెక్క తనిఖీ చేస్తే చాలును.

ఇంటికి చేరాక మా సోదరులకు ఇదంతా చెప్పాము. ఒకాయన, చీరలు పంచితే ఫోటో వస్తుంది, పునాది భూమిలోకి పోతుంది కదా అని నవ్వాడు. మిగిలిన వారు లెక్కలో పడ్డారు. మూడు లక్షలు ఖర్జె హసనగా ఏడాదికి పెట్టడానికి నలుగురు ఒప్పుకున్నారు. జకాత్ ఖాతా విడిగా ఉంటుంది. మొదటి పునాది గూడెంలోని ఆ స్నేహితురాలిది. బేస్‌మెంటు మామూలు కన్నా ఒక అడుగు ఎత్తు పెంచమని మేస్త్రీ చెప్పాడట. ఆ అదనపు రాయికి, కూలికి ఆమె సంఘం పొదుపు సరిపోతుంది. గోదావరి జూలైలో పెరుగుతుంది. వాన మొదలైతే ఇసుక దొరకదు, దొరికినా ట్రాక్టరు గూడెం దాకా పోదు. కాబట్టి ముగ్గులు పోయడం మార్చిలో, బేస్‌మెంటు మీద నీళ్ళు కొట్టడం ఏప్రిల్‌లో అయిపోవాలి.